చేతులు మారిన మిరాతుల్ ఉరూస్

(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మమ్మల్ని విద్యను గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. విద్యను గురించి ఈ వేదిక మీద ఏటా ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు, మీరు ఓపికగా వింటూనే ఉన్నారు. బిర్యానీ డేగ్ మూత ఎప్పుడు తీస్తారా అని పిల్లలు అటు చూస్తూనే ఉన్నారు. అంచేత ఈసారి విద్య జోలికి పోము. ఒకే ఒక్క పుస్తకాన్ని గురించి చెబుతాము. అది నవల. నవల అనగానే ముందు వరుసలో ఒకరిద్దరు పెద్దలు మాకేసి చూశారు. ఆ చూపుకు జవాబు కూడా తర్వాత మనవి చేసుకుంటాము.

ఆ నవల పేరు మిరాతుల్ ఉరూస్. అంటే పెళ్ళికూతురి అద్దం. రాసినవారు డిప్యూటీ నజీర్ అహ్మద్ గారు. 1869లో అచ్చయింది. ఉర్దూలో తొలి నవల ఇదేనని చాలామంది అంటారు, కొందరు కాదంటారు. ఆ తగాదా మనకొద్దు. ఆయన ఆ రోజుల్లో డిప్యూటీ కలెక్టరు ఉద్యోగంలో ఉన్నారు. ఇంట్లో ఆడపిల్లలకు చదివిద్దామంటే తగిన పుస్తకం దొరకలేదు. దొరక్కపోతే తనే రాయడం మొదలుపెట్టారు. కొన్ని పుటలు రాసి ఇవ్వడం, పిల్లలు అవి చదివేసి, అబ్బా ఇంకా కావాలి అనడం, మళ్ళీ రాయడం. అలా సాగింది. అచ్చుకు పోకముందే ఆ కథ వాడలోని ఆడవాళ్ళ చెవిన పడింది. తర్వాత విద్యాశాఖ డైరెక్టరు కెంప్సన్ దొర కంట పడింది. ప్రభుత్వం 1000 రూపాయలు బహుమానం ఇచ్చింది. ఆ కాలంలో వెయ్యి రూపాయలంటే మాబోటి బడిపంతులు ఎన్నేళ్ళ జీతమో మీరే లెక్క వేసుకోండి.

ఈ నజీర్ అహ్మద్ గారు మనకు మరీ పరాయివారేమీ కారు. 1877లో సాలార్‌జంగ్ గారి పిలుపు మీద హైదరాబాదు వచ్చి, కొన్నేళ్ళు నిజాం కొలువులో పనిచేసి వెళ్ళినవారే.

కథలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. అక్బరీ పెద్దది, అస్గరీ చిన్నది. అక్బరీ గారాబంగా పెరిగిన పిల్ల. పని రాదు, నోరు మాత్రం బాగా వచ్చు. మంచి మాటలు చెప్పి ఇంట్లోకొచ్చిన ఒక దొంగ హజ్జన్ చవగ్గా ఇస్తానని ఆ వస్తువూ ఈ వస్తువూ చూపించి, నమ్మించి, చివరికి నగలతో ఉడాయిస్తుంది. అస్గరీ లెక్క తెలిసిన పిల్ల. అత్తవారింట ఏళ్ళ తరబడి సరుకుల లెక్కల్లో మోసం చేస్తున్న మామా అజ్మత్ అనే పనిమనిషిని పట్టుకుంటుంది. తర్వాత ఇంట్లోనే ఆడపిల్లలకు మక్తబ్ పెడుతుంది. మా అభిప్రాయం అడిగితే అస్గరీ కొంచెం మితిమీరి మంచిది. పొద్దున లేచింది మొదలు ఒక్క తప్పూ చేయని మనిషితో కాపురం కష్టం. మా బడిలో ఆడపిల్లలను అడిగి చూశాము. ఒక్కరూ అస్గరీ పేరు చెప్పరు. అక్బరీ తిక్కపనులు చెప్పమంటారు. నజీర్ అహ్మద్ గారు వింటే నొచ్చుకునేవారు కాబోలు.

ఇక మా ఇంటి సంగతి. మా నానీ దగ్గర ఈ పుస్తకం ఒకటి ఉండేది. ఆవిడ పెళ్ళప్పుడు ఖురాన్ షరీఫ్‌తో పాటు పెట్టెలో వచ్చింది. తిరువూరులో మా వీధిలో ఉర్దూ చదవగలిగిన ఆడవాళ్ళు ఆ రోజుల్లో పట్టుమని పదిమంది ఉండేవారు కాదు. పుస్తకమున్న ఇల్లు మాదొక్కటే. రంజాన్ నెల మధ్యాహ్నాల్లో, జొహర్ నమాజు అయ్యాక, మా వసారాలో చాపలు పరిచేవారు. నానీ చదవడం, మిగిలినవారు బియ్యం ఏరుతూనో, బొంత కుడుతూనో వినడం. విని విని నచ్చినవాళ్ళు, ఖాలాజాన్, నాలుగు రోజులు మా ఇంటికివ్వు అనేవారు. నానీ ఇచ్చేది. కాగితం రాసుకునేది కాదు. ఇచ్చిన ఇంటివైపు గుమ్మంలో నిలబడి రోజూ ఒకసారి చూసేది, అంతే. ఆ పుస్తకం నూజివీడు వెళ్ళొచ్చింది, విస్సన్నపేట వెళ్ళొచ్చింది. పెళ్ళికూతురుతో వెళ్ళి, ఆవిడ మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు తిరిగి వచ్చింది. ఎవరింటికి వెళ్ళిందో వారి పేరు వెనుక అట్ట లోపలివైపు రాసి పంపేవారు. నానీకి ముక్కూ మొహం తెలియని వాళ్ళ పేర్లు కూడా అందులో ఉండేవి.

పక్కింట్లో ఒక పిన్నిగారుండేవారు. మన వాళ్ళు కాదు. ఆవిడకు ఉర్దూ రాదు, మా నానీకి తెలుగు చదవడం రాదు. ఆవిడ వారపత్రికల్లో వచ్చే సీరియల్ పుటలన్నీ కోసి, వరస పెట్టి, పురికొసతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసేవారు. అవి ఇంట్లో తయారైన నవలలు. బజారులో దొరకవు. ఆ రోజుల్లో ఆంధ్రదేశంలో ఇలాంటి బైండు పుస్తకాలు లేని మధ్యతరగతి ఇల్లు తక్కువ. వాటిలో ఒక పుట ముందువైపు సీరియలూ, వెనుకవైపు వంటలో, జాతకాలో ఉండేవి. సాయంత్రం గోడ దగ్గర పిన్నిగారు యద్దనపూడి సులోచనారాణి గారి నవల చదివి చెప్పేవారు. దానికి బదులుగా మా నానీ అక్బరీ అస్గరీ కథ తనకొచ్చిన తెలుగులో చెప్పేది. హజ్జన్ నగలెత్తుకుపోయిన రోజున పిన్నిగారు, "ఓసి దాని దుంపతెగ, మా మేనత్తను కూడా ఇలాగే ముంచింది ఒకత్తి" అన్న మాట మాకిప్పటికీ జ్ఞాపకం. నజీర్ అహ్మద్ గారి ఢిల్లీ దొంగ మా తిరువూరు గోడ దాటి తెలుగింట్లో దూరిందన్నమాట. పుస్తకం చేతులు మారలేదు, కథ మారింది. ఇదొక రకం ఇచ్చిపుచ్చుకోవడమే గదా.

ఇప్పుడు మా తప్పు చెప్పుకోవాలి. 1991. మాకు పదకొండేళ్ళు. మధిరలో బంధువుల ఇంట్లో పెళ్ళి కుదిరింది. ఆ పిల్ల పుస్తకం అడిగి పంపింది. వేసవి సెలవులు కనుక మామూతో పాటు మమ్మల్ని మధిర బస్సెక్కించారు. పుస్తకాన్ని నానీ ఒక దస్తర్‌ఖాన్ గుడ్డలో చుట్టి, ముడివేసి, మా ఒళ్ళో పెట్టింది. "బేటా, ఎక్కడా కింద పెట్టకు" అంది. మధిరలో దిగాము. మామూ గోళీసోడా కొట్టించారు. సోడా సగం తాగాక మా చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయని తెలిసింది. బస్సు వెళ్ళిపోయింది. మామూ పరుగెత్తారు. మర్నాడు వచ్చిన కండక్టరును అడిగాము. ఎవరో మూట చూసి, బట్టలనుకునో, అన్నమనుకునో తీసుకెళ్ళి ఉంటారన్నారు. అంతే. అది మళ్ళీ కనబడలేదు.

ఇంటికొచ్చాక నానీ కొట్టలేదు. "కితాబ్ కిదర్ గయీ రే?" అని ఒక్కసారి అడిగింది. మళ్ళీ అడగలేదు. ఆ రంజాన్‌లో చాపలు పరిచినప్పుడు గుర్తున్నంత మటుకు నోటితో చెప్పింది. మధ్యలో ఆగినప్పుడల్లా అందరూ మాకేసి చూసేవారో, మాకే అలా అనిపించేదో తెలియదు. మేము వసారాలోకి రావడం మానేశాము. ఉర్దూ పంతులమెందుకయ్యారని ఎవరైనా అడిగితే ఉద్యోగం కోసమని చెబుతాము. అది నిజమే. కాని పూర్తి నిజం కాదు.

ఈ సందర్భంలో మన ప్రాంతపు పెద్దలను తలచుకోవడం ధర్మం. మనకు డెబ్బై, ఎనభై కిలోమీటర్ల దూరంలోని విజయవాడలో 1911లో రామ్మోహన్ గ్రంథాలయం ఏర్పడింది. 1914లో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల వాళ్ళందరినీ అక్కడే సమావేశపరిచి సంఘం పెట్టించినవారు అయ్యంకి వెంకటరమణయ్య గారు. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. పడవ ఒడ్డుకొస్తే ఊరివాళ్ళు పాత పుస్తకం ఇచ్చి కొత్తది తీసుకోవడం. ఇక ఉన్నవ లక్ష్మీనారాయణ గారి మాలపల్లి సంగతి మీకు తెలిసిందే. జైల్లో రాసిన నవల. దాన్ని ఆంగ్ల ప్రభుత్వం ఒకసారి కాదు, రెండుసార్లు నిషేధించింది. 1937లో గాని పీడ విరగడ కాలేదు. నిషేధించిన పుస్తకాన్ని జనం దాచుకుని చదివారు, నమ్మకమున్న చేతికి అందించారు. అటు ఉర్దూలో ఇబ్నె సఫీ గారి జాసూసీ దునియా 1952లో అలహాబాదు నుంచి రావడం మొదలైంది. మా మామూ లాంటి కుర్రాళ్ళు ఒక్క కాపీని పదిమంది చదివి, పదకొండోవాడికి చివరి పుట లేకుండా ఇచ్చేవారు. హంతకుడెవరో తెలియక ఆ పదకొండోవాడు పడే బాధ పగవాడికి కూడా వద్దు.

అద్దె పుస్తకాల కొట్లు మీలో నలభై దాటిన వారందరికీ తెలుసు. డిపాజిట్టు కట్టి, రోజుకింతని అద్దె ఇచ్చి నవల తెచ్చుకోవడం. తెల్లారేలోగా ఇంటిల్లిపాదీ వంతులేసుకుని చదవడం. టీవీ వచ్చాక ఆ కొట్లు ఒక్కొక్కటే మూతబడ్డాయి. ఆ స్థలాల్లో మొదట వీడియో క్యాసెట్లు, తర్వాత సెల్‌ఫోన్లు వచ్చి కూర్చున్నాయి.

2003లో మేము పని మీద విజయవాడ వెళ్ళాము. లెనిన్ సెంటరులో పాత పుస్తకాల కొట్లున్నాయి గదా, అటు వెళ్తే ఊరికే వచ్చే అలవాటు మాకు లేదు. ఇంజనీరింగు గైడ్ల కింద, ఒక అట్టపెట్టె అడుగున, మిరాతుల్ ఉరూస్ కనిపించింది. మా నానీదేనేమోనని గుండె ఝల్లుమంది. కాదు. అట్ట వేరు, అచ్చు వేరు. కాని వెనుక అట్ట లోపలివైపు పేర్లున్నాయి. ఏడుగురు ఆడవాళ్ళ పేర్లు, ఏడు రకాల సిరాలు, పక్కనే ఊళ్ళు. గుంటూరు, ఏలూరు, మచిలీపట్నం ఉన్నాయి. ఒకావిడ పేరు లేదు, ఫలానా వారి బీబీ అని మాత్రమే ఉంది. ఆ పేర్లు ఇక్కడ చదవము. పర్దాలో కూర్చుని చదువుకున్న తల్లుల పేర్లు మైకులో చదవడం మర్యాద కాదు. కొట్టతను పదిహేను రూపాయలన్నాడు. బేరమాడలేదు. మేము బేరమాడకుండా కొన్న వస్తువు జీవితంలో అదొక్కటే అని మా ఇంటివారు అంటుంటారు.

నానీకి అప్పటికి చూపు తగ్గింది. పుస్తకాన్ని ముందు వాసన చూసింది. తర్వాత వెనుక అట్ట చదివించుకుంది. చదివినంత సేపూ ఏమీ అనలేదు. చివరికి, "వీళ్ళంతా పోయి ఉంటారు. కొడుకులు కాటాకేసి అమ్మేసి ఉంటారు" అంది. కాసేపాగి, "నా పేరు కూడా రాయి" అంది. మేము కలం ఆవిడ చేతికే ఇచ్చాము. ఆవిడ నవ్వింది. అప్పుడు గాని మాకు తెలియలేదు. మా నానీకి చదవడం వచ్చు, రాయడం రాదు.

ఇది ఆవిడొక్కరి సంగతి కాదు. పాతకాలంలో చాలా షరీఫ్ ఇళ్ళలో ఆడపిల్లకు ఖురాన్ చదవడం, ఉర్దూ చదవడం నేర్పేవారు. రాయడం మాత్రం నేర్పేవారు కాదు. రాయడం వస్తే ఎవరికి ఉత్తరాలు రాస్తుందోనని భయం. నలభై ఏళ్ళు ఆ పుస్తకాన్ని ఊళ్ళు తిప్పిన మనిషి అందులో తన పేరు రాసుకోలేకపోయింది. పోయిన పుస్తకంలోని పేర్లు కూడా చాలా మటుకు మగవాళ్ళ చేతిరాతే అయి ఉండాలి. మేము రాశాము. ఎనిమిదో పేరు. ఊరు తిరువూరు. 2009లో నానీ అల్లాకు ప్రియమయ్యారు.

ఇక బీరువా సంగతి. పోయిన సంవత్సరం మన సొసైటీ గదిలో గుమ్మం పక్కన ఒక చెక్క బీరువా పెట్టించాము. దానికి తాళం లేదు, రిజిస్టరు లేదు, చందా లేదు. కావలసినవారు పుస్తకం తీసుకెళ్ళవచ్చు, మరొకటి తెచ్చి పెట్టవచ్చు, పెట్టకపోయినా అడిగేవారు లేరు. ఒకటే షరతు, చదివినవారు వెనుక అట్ట మీద పేరు రాయాలి. కమిటీలో దీని మీద రెండు సమావేశాలు జరిగాయి. తాళం లేకపోతే నెలకల్లా బీరువా కూడా ఉండదని ఒకరన్నారు. పుస్తకాలు కాటాకు పోతాయని మరొకరు. పోతాయి, కాదనము. అయితే మా దగ్గరున్న ప్రతి కాటాకెళ్ళి బయటపడిందే. తాళం వేసిన బీరువాల్లో పుస్తకాలు ఏమవుతాయో కూడా మనకు తెలుసు. చెదలకు తాళం అడ్డం కాదు.

ఇది మేమేదో కొత్తగా కనిపెట్టినదీ కాదు. అమెరికాలో 2001లో రాన్ హార్న్‌బేకర్ అనే ఆయన బుక్‌క్రాసింగ్ అని ఒక పద్ధతి మొదలుపెట్టారు. చదివిన పుస్తకం మీద ఒక నంబరు వేసి, పార్కు బెంచీ మీదనో, రైల్వే స్టేషనులోనో వదిలేస్తారు. దొరికినవాడు చదివి, ఫలానా చోట దొరికిందని తెలియజేసి, మరోచోట వదులుతాడు. మా నానీ పుస్తకాన్ని మేము మధిర బస్సులో చేసిన పని అదేనని ఇప్పుడు గొప్పగా చెప్పుకోవచ్చు. అక్కడే విస్కాన్సిన్ రాష్ట్రంలో 2009లో టాడ్ బోల్ అనే ఆయన, పంతులమ్మగా పనిచేసిన తన తల్లి జ్ఞాపకార్థం, పాత తలుపు చెక్కతో చిన్న బడి ఆకారంలో పెట్టె చేసి, పుస్తకాలు పెట్టి ఇంటి ముందు నిలబెట్టారు. అలాంటి పెట్టెలు తర్వాత దేశదేశాలకూ పాకాయి. వాటికీ తాళం ఉండదు.

నవలలెందుకు, దీనీ కితాబులు చాలవా అన్న ప్రశ్న కూడా వచ్చింది. అడిగిన పెద్దలంటే మాకు గౌరవం. దీనీ కితాబులు పై అరలో ఉన్నాయి, వాటి స్థానం వాటిది. అయితే ఈ నవల రాసిన నజీర్ అహ్మద్ గారే ఖురాన్ షరీఫ్‌ను ఉర్దూలోకి అనువదించారని మనవి చేశాము. ఆ రెండు పనులూ ఆయన ఒక చేత్తోనే చేశారు. ఆ పెద్దలు మరేమీ అనలేదు. ఒప్పుకున్నారో, టీ చల్లారిపోతోందని లేచారో తెలియదు.

ఇంకో చిక్కు ఉంది, దాన్ని దాచడం తప్పు. మన పిల్లల్లో ఉర్దూ నవల గడగడా చదవగలిగినవాళ్ళు తగ్గిపోతున్నారు. ఇంట్లో మాట ఉర్దూ, చేతిలో రాత తెలుగు. అందుకని మిరాతుల్ ఉరూస్‌ను శుక్రవారం సాయంత్రాలు మా బడి ఆడపిల్లలొకరిద్దరు పైకి చదువుతున్నారు. వినేవాళ్ళలో వారి తల్లులున్నారు, పక్క వీధి తెలుగు ఇళ్ళ నుంచి కూడా ఒకరిద్దరు వస్తున్నారు. కింది అరలో తెలుగు నవలలు పెట్టాము. వాటిలో ఒకటి పురికొసతో కుట్టిన సీరియల్. పిన్నిగారి అబ్బాయి తెచ్చి ఇచ్చారు. పుటల వెనుక వైపు 1970లలోని ఊరగాయల కొలతలు కూడా చదువుకోవచ్చు.

చివరగా ఒక సంగతి. దీనికి సంబంధించిన వారు ఇక్కడే కూర్చున్నారు, వారి అనుమతి తీసుకునే చెబుతున్నాము, పేరు చెప్పము. చదువుతున్న పిల్లల్లో ఒక అమ్మాయి తొమ్మిదో తరగతిలో బడి మానేసింది. మానలేదు, మాన్పించారు. ఇంట్లో పని, తర్వాత సంబంధాలు చూడటం, మీకు తెలిసిన కారణాలే. ఆ పిల్ల శుక్రవారాలు వచ్చి చదివేది, పుస్తకం ఇంటికి తీసుకెళ్ళేది. ఒకరోజు వాళ్ళ నాన్నగారు పుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చారు. "మాస్టారూ, బడి మాన్పిస్తే మీరు నవలలిస్తున్నారా?" అన్నారు. కోపంగానే అన్నారు. కూర్చోమన్నాము. ఇది పెళ్ళికూతుళ్ళ కోసం రాసిన పుస్తకమేనన్నాము. వెనుక అట్ట చూపించాము. ఎనిమిది పేర్ల కింద తొమ్మిదోది వాళ్ళ అమ్మాయిది. చక్కని దస్తూరి, తన చేత్తో తాను రాసుకున్నది. ఆయన ఆ పేరును చాలాసేపు చూశారు. "ఇందులో ఏముందో ముందు నేను చదవాలి" అని పుస్తకం పట్టుకెళ్ళారు.

అది మూడు వారాల క్రిందటి మాట. పోయిన జుమా నాడు మసీదు మెట్ల దగ్గర కనిపిస్తే ఎంతవరకు వచ్చారన్నాము. "అస్గరీ మక్తబ్ పెట్టింది, అక్కడున్నా" అన్నారు. ఆ అమ్మాయి పదో తరగతి కట్టడానికి ఓపెన్ స్కూలు ఫారం ఒకటి తెచ్చి వారింట్లో ఇచ్చాము. తండ్రి సంతకం చేయవలసిన చోటు ఖాళీగా ఉంది. గడువు ఇంకా ఉంది.

శుక్రవారం వినడానికి వచ్చే తల్లులు మిగిలిన కథ ఎప్పుడని అడుగుతున్నారు. పుస్తకం వారి దగ్గరుంది, వారు చదువుతున్నారు, తొందరపెట్టవద్దని చెప్పాము. ఈలోగా బీరువాలో మిగిలిన పుస్తకాలున్నాయి, గది అసర్ నుంచి ఇషా దాకా తెరిచే ఉంటుంది. ఖుదా హాఫిజ్.